గునుగు పువ్వు దాకా పోయిన గొడ్డలి

మా అన్న దుబాయి నుంచి చుట్టీకి వచ్చిన రోజు నాకొక అంగి ఇచ్చిండు. నేను ఫోన్ల పసుపు రంగుది తెమ్మని చెప్పిన. తెచ్చింది కాషాయం. అది తొడుక్కొని లక్సెట్టిపేట బజార్ల తిరిగితే, ఒక్క పొద్దుల ముగ్గురు నన్నాపి మాలేసుకొని ఏ గుట్టకు నడుస్తున్నవని అడిగిన్రు.

"పసుపంటే గిదేనా అన్నా?" ఇంటికొచ్చి అడిగిన.

"దుకాణపోడు పసుపనే ఇచ్చిండుర."

నేను నవ్వి ఊకున్న. నవ్వుడు, నవ్విచ్చుడు మా ఇంట్ల నా కొలువు. ఎవలన్న కండ్లు తుడుసుకుంటున్నరంటే చాలు, నేను మధ్యల దూరి ఏదో ఒక కూత కూస్త. మా బాపును సాగనంపిన నాడు డప్పులోళ్ళు దెబ్బ తప్పుతుంటే, "బాపు లేచిండంటే సుత్తెతోని సరిచేస్తడు, జర చూసి కొట్టుండ్రి" అని చెప్పిన నోరు నాదే. అంగి ముచ్చటను గూడ నేను నవ్వులకే వాడుకున్న. దాంట్ల చూడవలసింది వేరే ఉండెనని తెలిసెటాలకు రెండు నెలలు పట్టింది.

మాది కమ్మరి ఇల్లు. రోడ్డు పక్కకు రేకుల కొట్టం, అందుల కొలిమి, కొలిమి ముంగట దాగలి. దాగలంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే ఇనుప దిమ్మె. మా తాత, మా బాపు కొట్టీ కొట్టీ దాని నెత్తి నడుమ గుంటవడ్డది. మమ్ముల కన్నోళ్ళల్ల అవ్వ ముందు పోయింది, తర్వాత బాపు. బాపు పోయిన యేడాదికే అన్న వదినను ఇంట్ల ఇడిసిపెట్టి దుబాయిల వెల్డింగ్ పనికి పోయిండు. ఆరేండ్లు. నడుమ రెండు సార్లు వచ్చిండు గని, ఆ రెండు సార్లు చుట్టాల ఇండ్లల్ల పెండ్లి భోజనాలు తినెటాలకే చుట్టీ ఒడిసింది.

కొలిమి పని ఇద్దరిది. ఒకడు కూసుంటడు, ఒకడు నిలవడ్తడు. కూసున్నోని ఎడమ చేతిల పటుకారు, కుడి చేతిల చిన్న సుత్తె. నిలవడ్డోని రెండు చేతులల్ల సమ్మెట. చిన్న సుత్తె ఎక్కడ టక్కుమంటదో సమ్మెట అక్కడ దిగాలె. ఉత్త దాగలి మీద టకటక రెండు సార్లు మోగితే ఆగుమన్నట్టు. మాటలుండయ్. కూసునెటోడు అన్న, నిలవడెటోన్ని నేను. అన్న పోయినంక గేట్లకు కీళ్ళు, బర్లను కట్టేసే గూటాలు ఒక్కన్నే కొట్టుకుంట బతికిన. ఒక్కడే కబడ్డి ఆడినట్టుండేది. కూత నాదే, పట్టుకునుడు నాదే, దుమ్ముల వడుడు గూడ నాదే.

ఇంకొక రివాజు ఉన్నది మా ఇంట్ల. ఇనుము ఎంత కాలిందో దాని రంగు చూసి చెప్పుడే కమ్మరి చదువు. ఆ రంగులకు బాపు పువ్వుల పేర్లు పెట్టుకున్నడు. ఎర్రగైతే మందారం, ఇనుము వంగుతది. ఇంకింత కాలితే మోదుగు, సాగుతది. పసుపుపచ్చగైతే తంగేడు, రెండు ముక్కలను కలిపి కొడితె ఒక్కటైతయ్. అది దాటి తెల్లగైతే గునుగు. గునుగంటే ఇనుము పోయినట్టే, నిప్పురవ్వలు కక్కుకుంట కాలిపోతది. బతుకమ్మకు పేర్చే గునుగుకు ఆడోళ్ళు రంగులద్దుతరు గని, కొలిమిల పూసిన గునుగుకు ఎవ్వలు ఏ రంగద్దినా లాభం లేదు. రంగు మంచిగ కనవడాలని తలుపుకు, కిటికీకి గోనెసంచులు వేలాడదీసి పట్టపగలు చీకటి చేసుకుంటం. చిన్నప్పుడు ఆ చీకట్ల అన్న నన్ను పక్కకు కూసోవెట్టుకొని అడిగెటోడు, "చెప్పుర, ఏం పువ్వు?" తప్పు చెప్తే నెత్తి మీద మొట్టికాయ. నా నెత్తి నడుమ ఉన్న గుంట దాగలి గుంట కంటె చిన్నదేం గాదు.

అన్న వచ్చిన వారానికి కరీంనగర్ నుంచి ఒక సారు మా కొట్టం వెతుక్కుంట వచ్చిండు. రిటైరైన చరిత్ర సారు. బడులు తిరుక్కుంట పిల్లలకు పాతకాలం ముచ్చట్లు చెప్తడట. చెన్నూరు దిక్కు ఒక చేను గట్టు మీద వీరగల్లు ఉన్నది. ఎప్పటిదో కాలంల పోరుల చచ్చిపోయినోని బొమ్మ చెక్కిన రాయి. ఆ బొమ్మ చేతిల గండ్రగొడ్డలి ఉంటది. సారు దాని ఫోటోలు చూపిచ్చిండు.

"అచ్చం గిసొంటియి ఐదు కావాలె. చేత్తోనే కొట్టాలె. మిషిన్ పని ఉండొద్దు."

"మా దగ్గర ఉన్న మిషిను బొగ్గులకు గాలి కొట్టే పంకా ఒక్కటే సార్," అని చెప్పిన. "అది గూడ కరెంటుంటేనే మిషిను."

సారు నవ్వలే. చరిత్ర చదివినోళ్ళకు ఊకెనే నవ్వు రాదేమో. "ఇంకొకటి. పదును ఉండొద్దు. పిల్లలు ముట్టుకుంటరు."

అన్న తలకాయ లేపిండు. "పదును లేకుంటె అది గొడ్డలెట్లైతది సార్? గొడ్డలి యేషం గట్టిన ఇనుమైతది."

"నాకు గదే కావాలె తమ్మీ," అన్నడు సారు. ఇవి మంచిగ కుదిరితే ఇంకా చాలా బడులోళ్ళు అడుగుతరని చెప్పి పోయిండు.

ఆ ఒక్క మాట నన్ను పట్టుకున్నది. అన్న చుట్టీ మూడు నెలలు. గీ గొడ్డళ్ళు కుదిరి, ఇంకిన్ని అడిగి, కొలిమికి ఎడతెగని పని దొరికితే, అన్న మళ్ల విమానం ఎక్కుడెందుకు? నేను పోయి వదినకు చెప్పిన. మా వదిన గూడ కమ్మరింటి బిడ్డనే. చిన్నప్పటి సంది వాళ్ళ నాయిన కొలిమిల సమ్మెట పట్టిన చెయ్యి. ఆమె ముంగట మనం పెద్ద పెద్ద మాటలు మాట్లాడలేం.

"ఓ పిల్లగా," అన్నది ఆమె రొట్టె తిప్పుకుంట, "ఆరేండ్ల సంది నేను నా పెనిమిటిని ఫోన్లనే చూస్తున్న. కాళ్ళున్నయో లేవో గూడ తెలుస్తలేదు, ఎప్పుడు చూసినా మెడ దాకనే ఉంటడు. గొడ్డళ్ళు కొడ్తవో గుంజలు కొడ్తవో, మనిషిని ఆపు."

"కాళ్ళున్నయ్ వదినా, నేను చూసిన. రెండు."

"రెండు ఇంట్లనే ఉండాలె."

బండి మీద అన్న, నేను ఆ రాయి కాడికి పోయినం. కొలతలు తెచ్చుకుందామని. చేను రైతు ఆ వీరునికి తన ఎద్దును కట్టేసిండు. పోరుల ఎంతమందిని నరికిండో తెలువది గని, ఇప్పుడాయన కొలువు ఎద్దు పారిపోకుండ చూసుడు. అన్న రాయి ముంగట మోకాళ్ళ మీద కూసున్నడు. మూరెడు బొమ్మ. దాని పిడికిలి మీద వేలు పెట్టి, గొడ్డలి నోటి మీద, అదే నరికే అంచు మీద, వేలు పెట్టి, మొఖం రాయికి ఆనిచ్చినంత దగ్గరికి తీసుకపోయి చూసిండు.

"ముద్దు పెట్టుకుంటున్నవా అన్నా? ఎద్దు చూస్తుంది."

"నోర్మూయిర." తన పిడికిలి ఆ రాతి పిడికిలి పక్కకు పెట్టిండు. "గొడ్డలి నోరు వీని పిడికిలికి రెండింతలు, ఇంక జరంత. వీని చెయ్యి నా చెయ్యంత అనుకో. ఇగ కొలత దొరికినట్టే."

అట్ల ఆ ఐదు గొడ్డళ్ళు మా అన్న పిడికిలి కొలతకు పుట్టినయ్. కామ, అంటే కర్ర పిడి, గూడ ఆ చేతికే. నేను పట్టుకుంటే నా వేళ్ళకు జర వదులుగనే ఉంటయ్.

ఉట్నూర్ పోయి పాత జీపుల కింద కుదుపు ఆపే కమాన్ పట్టీలు తెచ్చినం. అడివి తొవ్వల మీద ఎగిరెగిరి అలిసిపోయిన ఇనుము, మస్తు గట్టిది. గొడ్డలికి ఒళ్ళు మెత్తటి ఇనుముది, నోటికి కమాన్ ముక్క. మెత్తటి పట్టీని కామ దూరెటట్టు మలిచి, రెండు కొసల నడుమ కమాన్ ముక్క పెట్టి, వెలిగారం పొడి చల్లి, తంగేడు దాకా కాల్చి కొడితె అంతా ఒక్క ఇనుమైతది.

"సారు పదును వద్దన్నడు కదనే, కమాన్ ముక్క ఎందుకు?" అని అడిగిన.

"పదును వద్దన్నడు గని నోరు వద్దనలే," అన్నడు.

పని మొదలైంది. ఎన్నేండ్లకో మళ్ల ఆ సప్పుడు. టక్కుమని చిన్నది, దబ్బుమని నాది. టక్కు, దబ్బు. మొదటి రోజు సాయంత్రానికి నా భుజాలు లేస్తలేవు, వదినే అన్నం కలిపి పళ్ళెం ముంగటికి జరిపింది, నేను బర్రె లెక్క వంగి తిన్న. అయినా పానం తేలికగున్నది. సమ్మెట ఎక్కడ దింపాల్నో ఎవలో చెప్తుంటే ఎంత సుఖముంటదో, ఆరేండ్లు గూటాలు కొట్టినోనికి తెలుస్తది.

ఇనుము కొలిమిల పెట్టిన ప్రతిసారి అన్న అడిగెటోడు, "చెప్పుర, ఏం పువ్వు?"

"మందారం."

"ఇప్పుడు?"

"మోదుగు. మోదుగు. ఆఁ, తంగేడు వడ్డది."

తియ్యగనే తీసెటోడు. ఇరవై ఆరేండ్లొచ్చినా నన్నింక చిన్నపిలగాన్ని చేసి పరీక్ష పెడ్తున్నడని నాకు నవ్వు. నవ్వొక్కటే గాదు, మస్తు సంబురం గూడ. నాలుగు గొడ్డళ్ళు అయినయ్, ఒక్క మొట్టికాయ పడలే. కమ్మరి చదువుల నేను పాసైపోయిన అనుకున్న. పరీక్ష పెట్టెటాయనకు జవాబు తెలువదని ఎవలనుకుంటరు?

ఐదోది అన్నిట్ల పెద్దది. సగం చందమామ తీరు నోరు. పొద్దుగాల పదింటికి ఆఖరుగ నోటి ముక్క అతికిచ్చే కాల్పు మొదలువెట్టినం. గోనెసంచులు దించినం. నేను సమ్మెట ఆనిచ్చుకొని నిలవడ్డ. పంకా తిరుగుతుంది, బొగ్గులు గుసగుసమంటున్నయ్.

"ఏం పువ్వుర?"

నిండు తంగేడు. అవ్వ ఏరుకొచ్చి తాంబాలంల పోసినట్టు ఉన్నది. నాకు చిన్నప్పటి మొట్టికాయ యాదికొచ్చింది. ఒక్కటన్న తినాల్ననిపిచ్చింది, నిజంగ. అన్న చుట్టీ ఇంక నెల గూడ లేదు.

"మోదుగేనే," అని చెప్పి నెత్తి ముంగటికి వంచిన.

మొట్టికాయ రాలే. అన్న పటుకారు కదపలే. పంకా తిరుగుతనే ఉన్నది. వేళాకోళానికి వేళాకోళం చేస్తున్నడు, ఎవల ధైర్యమెంతో చూద్దామని నేను గూడ ఊకున్న. మూడు శ్వాసలు. నాలుగు. కొలిమిల కాకరపువ్వొత్తి అంటుకున్నట్టు సుర్రుమన్నది. తెల్లటి రవ్వలు రేకుల దాకా లేచినయ్.

"అన్నా!"

అప్పుడు లాగిండు. దాగలి మీద పెట్టి చిన్న సుత్తెతోని ఒక్కటి టక్కుమనిపిచ్చిండు. సమ్మెట దింపే పనే లేకుండె. సగం చందమామ బెల్లం అచ్చు పలిగినట్టు పలిగి కాళ్ళ కాడ రాలింది.

అన్న తిట్టలే. పటుకారు అట్లనే పట్టుకొని నా దిక్కు మొఖం తిప్పిండు.

"మోదుగంటివి కదర," అన్నడు.

అంతే.   నేను పోయి పంకా బంద్ చేసిన.

"నీకు కనవడ్తలేదా అన్నా?"

జరసేపు సుత్తె పిడి తుడిసిండు. "కనవడ్తది. గని ఎర్రది, పసుపుది ఒక్క తీరుగ మెరుస్తయ్. నడుమ ఎప్పుడూ ఒక మసక ఉంటది. తొందర పనిల మొఖానికి ముసుగు ఎత్తి ఎత్తి వెల్డింగ్ కొట్టిన, తప్పు నాదే. అద్దాలు పెట్టుకుంటె పొయ్యేది గాదన్నడు డాక్టర్. వెల్డింగ్ ఇడిసి యేడాది దాటింది. గోదాముల డబ్బాలు సదురుతున్న. మీ వదినకు చెప్పకు, పరేషాన్ అయితది."

తలుపు కాడ గోనెసంచి కదిలింది. చాయ గిలాసలు పట్టుకొని వదిన నిలవడ్డది. ఎంతసేపైందో.

"నాకు చెప్పెటందుకేమున్నది?" అన్నది. "పిల్లగానికి కాషాయం అంగి ఇచ్చిన నాడే నాకు ఎర్కైంది. నేను గీ పిల్లగాని లెక్క నవ్వలే, గంతే."

గిలాసలు దాగలి మీద పెట్టి పోయింది. ఆ చాయ ఎవ్వలం తాగలే అని రాస్తే మంచిగుంటది గని, తాగినం. చక్కెర తక్కువైంది.

రెండు రోజులాగి ఐదో గొడ్డలి మళ్ల మొదలువెట్టినం. ఈసారి అన్న అడగలే. అడగకముందే నేను చెప్పుకుంట పోయిన. మందారం అన్నా. మోదుగు. మోదుగు కొసకొచ్చింది. తంగేడు మొగ్గ. తంగేడు నిండింది, తియ్యి. అన్న కొలిమి దిక్కు చూస్తలేడు. కండ్లు మూసుకున్నడు. తియ్యుమంగనే తీసిండు, టక్కుమనిపిచ్చిండు, నేను దింపిన. అతుకు ఎక్కడున్నదో ఇప్పటికీ ఎవ్వలు దొరకవట్టలేరు. ఐదిట్ల గదే మంచి గొడ్డలి. సగం అన్న చెయ్యి, సగం నా కండ్లు.

సారు వచ్చి ఒక్కొక్కదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. ఆఖరుదాని నోటి మీద బొటనవేలు ఆనిచ్చి, "ఇది కొయ్యదు కద?" అన్నడు.

"ఇప్పుడైతె కొయ్యదు సార్," అన్నడు అన్న. "ఆకురాయితోని ఒక్క పూట రుద్దుతె మీ ఇష్టం."

ఆ పూట సారు మొదటిసారి నవ్విండు. ఇంకో ఎనిమిది కావాలన్నడు. వదిన వాకిట్ల కెల్లి నా దిక్కు చూసింది, నేను వదిన దిక్కు చూసిన. ఉపాయం పండింది. సారు బండి మలుపు తిరిగిందో లేదో, అన్న అటక మీది సూట్‌కేసు దించి దుమ్ము దులుపుతుండు.

"గిదేందన్నా? ఎనిమిది గొడ్డళ్ళు!"

"కొట్టుకో. నీకొచ్చింది పని."

"నేను కండ్లయిత, నువ్వు చెయ్యి అయితవు. మొన్న కాలేదా?"

"ఒక్క దినమైతె అయితది." సూట్‌కేసు జిప్పు మూడు సార్లు తెరిసి మూసిండు, అది మంచిగనే ఉన్నది. "కూసున్నోడు నిలవడ్డోన్ని అడిగి కొడ్తె వాడు కమ్మరి గాదుర, గిరాకి. అక్కడ డబ్బాల మీద నంబర్లు ఇంతింత పెద్దగ రాసుంటయ్. నన్నెవ్వలు ఏం పువ్వని అడగరు."

నేను ఇంకేమో చెప్పాలని నోరు తెరిసిన. అన్ని కూతలే వస్తున్నయ్ నోటికి. అందుకే మూసుకున్న. అన్నను బస్సెక్కిచ్చిన పొద్దు గూడ నేను చెప్పిన ఆఖరు మాట, "కిటికీ పక్కకు కూసో అన్నా, వాంతికొస్తది." అన్నకు జిందగిల ఎన్నడూ బస్సుల వాంతి కాలే. అది నాకు.

ఇప్పుడు అన్న కూసున్న జాగల నేను కూసుంటున్న. వదిన కొంగు నడుముకు చెక్కి సమ్మెట పట్టింది. ఆమె దెబ్బ నా దెబ్బ కంటె నిటారుగ పడ్తది, ఆ సంగతి ఆమె దినాం రెండు సార్లు యాదిజేస్తది. కాలిపోయిన గొడ్డలి మొండెం గాలికి గోనెసంచి లేవకుండ దాని కొసకు కట్టినం. పదును లేదు, నోరు గూడ లేదు. సారు అడిగిన గొడ్డలి నిజానికి గదే.

శుక్రారం అక్కడ చుట్టీ. పగటి పూట అన్న ఫోను చేస్తడు, నేను ఫోనును గూట్ల రేకు డబ్బాకు ఆనిచ్చి పని చేసుకుంట మాట్లాడుత. మొదట్ల ఒకసారి ముచ్చట నడుమ అన్న, "సల్లారిన ఇనుము ఎందుకు కొడ్తున్రు?" అన్నడు. నేను, వదిన ఆగిపోయినం. చూస్తే నిజంగనే నల్లవడ్డది. ఫోను మొఖం గోడ దిక్కున్నది. చూసింది గాదు, విన్నడు.

మొన్నటి శుక్రారం నాకు మనసాగలే. ఇనుము బయటికి తీసి దాగలి మీద పెట్టి, ఫోను దిక్కు మొఖం చేసి అడిగిన, "చెప్పు అన్నా, ఏం పువ్వు?"

"కొట్టుండ్రి."

నేను టక్కుమనిపిచ్చిన. వదిన ఒక్కటి దింపింది.

"తంగేడు," అన్నడు అన్న.

అది మోదుగు గూడ దాటి మందారంల వడ్డది. వదిన నా దిక్కు చూసింది. నేను ఆమె దిక్కు చూడలే.

"కరెక్టే అన్నా. తంగేడే."

 ఫోన్ల అక్కడి పంకా తిరుగుతున్న సప్పుడు.

"మళ్ల అబద్ధం," అన్నడు. "మందారం అది. దెబ్బ మొద్దుగ పడ్డది. నువ్వేమంటవో చూద్దామని తంగేడంటిని. దగ్గరుంటె మొట్టికాయ పడుతుండె బిడ్డా నీకు."

"మరి వచ్చి కొట్టు."

నేను నవ్వులకు చెప్పలే. గని నా గొంతుకు ఇంకో తీరు అలవాటు లేదు కద, అన్న నవ్విండు. వదిన నవ్వలే. సమ్మెట గోడకు ఆనిచ్చి పోయి పంకా ఏసింది. నేను ఇనుమును మళ్ల బొగ్గులల్ల పెట్టిన.

"ఉంటున్నవా, పెట్టెయ్యాల్నా?" అన్నడు అన్న.

"ఉండు అన్నా. మోదుగు రానియ్యి."

 ఇనుము కాలుతుంది. ఎవ్వలం ఫోను పెట్టెయ్యలే.